బాలవ్వ ఆలస్యానికి కారణం

జగిత్యాల కోర్టుకు ఎదురుగా, జిరాక్సు దుకాణం పైన వకీలు రాజేందర్ గది. పైకి పోవడానికి ఇరుకైన ఇనుప మెట్లున్నాయి. బాలవ్వ అలవాటుగా కుడిచేత్తో కడ్డీ పట్టుకోబోయింది. వేళ్లు మూసుకోలేదు. ఎడమచేతికి మార్చుకుని మెల్లగా ఎక్కింది. వెనక ఆమె కూతురు దీప. సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేసే దీప ఆ రోజుకు సెలవు పెట్టి, గొల్లపల్లి దగ్గరి ఊరికి పోయి తల్లిని తోలుకొచ్చింది. తోలుకొచ్చింది అనడమే సరి. బాలవ్వ తనంతట తాను కోర్టు దిక్కు చూసే మనిషి కాదు.

రాజేందర్ మంచివాడే. కాకపోతే పొద్దున లేచింది మొదలు ఒకరి తర్వాత ఒకరి కష్టం వినీ వినీ అలసిపోయినవాడు. బాలవ్వ చెయ్యి చాపమని చూశాడు. బొటనవేలు, పక్కన రెండు వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. అరచేతిలో అడ్డంగా కుట్ల మచ్చ ఉంది.

"ఎట్లయిందమ్మా?"

"ట్రాక్టర్ తాకింది సారూ. వడ్ల సెంటర్ల."

"ఎప్పుడు?"

"యాసంగి కాంటాలప్పుడు."

"అంటే మే నెల. ఇప్పుడు జనవరి నడుస్తుంది. ఇన్ని దినాలు ఏం జేసిండ్రు?"

బాలవ్వ కూతురి దిక్కు చూసింది. దీప కిటికీ దిక్కు చూసింది. రాజేందర్ తానే చెప్పుకుపోయాడు.

"ఇంతకుముందు గిట్ల లేకుండె. బండి తాకి దెబ్బ తగిలినోళ్లు ఎన్నడచ్చినా కేసు తీస్కునేటోళ్లు. గీ నడుమ చట్టం మార్చిండ్రు. ప్రమాదమైన ఆర్నెల్ల లోపల కోర్టుకు రావాలె. మీరు దాటిండ్రు."

"దాటితే ఇగ అయిపోయినట్టేనా సారూ?" అంది దీప.

"అయిపోయినట్టు గాదు. గడువు పెంచుమని అడుగుదం. కొందరు జడ్జీలు ఇంటరు, కొందరు చట్టంల గట్ల లేదంటరు. పైకోర్టులల్ల ఇంక తేలలే. కానీ అడిగేటప్పుడు ఆలస్యానికి కారణం చెప్పాలె. గట్టి కారణం ఉండాలె. చెప్పమ్మా, ఎందుకు రాలే?"

బాలవ్వ "మర్శిపోయిన సారూ," అంది.

రాజేందర్ పెన్ను టేబుల్ మీద పెట్టేశాడు. ముద్ద కలుపుకున్న ప్రతిసారీ గుర్తొచ్చే చెయ్యిని ఎవరైనా మరిచిపోతారా? నమ్మడానికి వకీలేమీ వెర్రివాడు కాదు. కారణం ఉంది. బాలవ్వ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అయితే ఆ గదిలో, ఆ కుర్చీలో కూర్చుని చెప్పబోతే అది కారణంలాగా లేదు. చెప్తే నవ్వుతారని ఆమెకు తోచింది. నవ్వేవాళ్ల ముందు చెప్పుకోవడం కంటే మరిచిపోయాననడం నయమనుకుంది.

బాలవ్వ పుట్టింది బుగ్గారంలో. తండ్రికి గుంటెడు భూమి లేదు. ఊహ తెలిసేనాటికే ఒళ్లో బీడీల చాట ఉంది. తడిపిన తునికాకును కత్తెరతో కోసి, చిటికెడు జర్ద పొగాకు పోసి, బొటనవేలి కింద దొర్లించి చుట్టి, దారం కట్టి, మూతి మలిచేది. ఆ పని కళ్లకు చెప్పాల్సిన అవసరం లేకుండా వేళ్లే చేసుకుపోయేవి. మాట్లాడుతూ చేసేది, కునుకుతూ చేసేది, జ్వరమొచ్చి దుప్పటి కప్పుకుని కూడా చేసేది. సామేలుకిచ్చి పెళ్లి చేస్తే అత్తగారింటికి పోయిన మర్నాడే మళ్లీ చాట ముందర కూర్చుంది. సామేలు వడ్ల బస్తాలు మోసే హమాలీ. ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. మనిషి మంచివాడు, ఒళ్లు మాత్రం బస్తాల కింద అరిగిపోయింది. దీప చదువు, ఇంటి మీది రేకులు, సామేలు నడుము నొప్పి మందులు, అన్నీ బాలవ్వ మూడు వేళ్ల మీదే నడిచాయి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. బాలవ్వ అమ్మను కూడా అడిగిన మనిషి కాదు. కూలి తక్కువిచ్చినా ఏమనదు, ఆటోలో తనను డ్రైవరు పక్కన అంచు మీద కూర్చోబెట్టినా ఏమనదు. "ఏమనుకోకే బాలవ్వా" అని ఎవరైనా అంటే, "నేనేమనుకుంట" అంటుంది. అందుకే ఊరంతా ఆమెను చాలా మంచిదంటారు. ఊరు ఎవరినైనా అంత మంచిదంటున్నదంటే ఆ మనిషికి ఎక్కడో నష్టం జరుగుతున్నదనే అర్థం.

ఎండాకాలపు యాసంగి కోతలైనంక బీడీలు పక్కన పెట్టి ఊళ్లోని వడ్ల కొనుగోలు సెంటరుకు పోవడం ఆమెకు అలవాటు. ఆడవాళ్లు వడ్లను గాలికి ఎగబోస్తారు, తూకం వేసే కాంటా దగ్గర కింద పడ్డవి ఊడ్చి కుప్ప చేస్తారు. ఆ రోజు మొగులు పట్టింది. వాన వచ్చేలోపల కాంటా కావాలని రైతులంతా తొందరపడుతున్నారు. ఎల్లన్న పటేలు కొడుకు సంజీవ్ తమ ట్రాక్టర్‌ను వెనక్కి తీస్తున్నాడు. దుబాయిలో పనిచేసే సంజీవ్, ఇంటి మీద ఇంకో అంతస్తు వేయించడానికి సెలవు మీద వచ్చి ఉన్నాడు. చాలా రోజులకు స్టీరింగు పట్టాడు, చెవికి ఫోను కూడా ఉంది. కాంటా ఇనుప దిమ్మె మీద చెయ్యి ఆనించి వంగి ఊడుస్తున్న బాలవ్వ వెనక్కి తిరిగేలోపల ట్రాలీ తలుపు వచ్చి ఆ చేతిని దిమ్మెకు అదిమింది. ఆమె అరిచిన అరుపుకు సామేలు నెత్తి మీది బస్తా వదిలేసి ఉరికొచ్చాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఎల్లన్న ఆ క్షణమే తన కార్లో వేసుకుని జగిత్యాల దవాఖానాకు తీసుకుపోయాడు. కట్టాల్సిందంతా తానే కట్టాడు. కుట్లు వేశారు, కట్టు కట్టారు. ముడుచుకున్న వేళ్లు తెరుచుకోవాలంటే ఇంకో ఆపరేషన్ కావాలనీ, మరీ ఆలస్యం చేస్తే నరాలు బిగుసుకుపోతాయనీ డాక్టరు చెప్పాడు. పోలీసుల మాట ఎవరూ ఎత్తలేదు. ఊళ్లో ఏదైనా అయితే ముందు ఊళ్లోనే చూసుకోవడం అక్కడి పద్ధతి. పద్ధతి అన్నాక అది ఎవరికి లాభమో అడగకూడదు.

బాలవ్వ ఇంటికొచ్చిన రెండోనాడు మధ్యాహ్నం సంజీవ్ తల్లి రాజలక్ష్మి ఒక్కతే వాడలోకి వచ్చింది. వాడలో పిల్లలు ఆట ఆపి చూశారు. రాజలక్ష్మి ఆ వాడలోకి రావడం కొత్త కాదు. ఓట్లప్పుడు వచ్చేది, కూలికి పిలవడానికి వచ్చేది. వచ్చినా వాకిట్లోనే నిలబడి కేక వేసేది. ఆ రోజు మాత్రం వాకిలి దాటింది, గడప దాటింది, బాలవ్వ పడుకున్న మంచం మీద ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. బాలవ్వ ఉలిక్కిపడి లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టింది.

"బాలవ్వా, నువ్వు నా చెల్లె అసోంటిదానివి," అని కొంగు చాపింది. "కొంగు వట్టి అడుగుతున్న. జూన్ దాటితే పోరని వీసా పోతది. ఆర్నెల్ల కంటె ఎక్కువ బయట ఉంటే మల్ల రానియ్యరట. ఠాణాల కేసయితే వాన్ని ఇమానం ఎక్కనియ్యరంటున్నరు. వాడు పోనీ. పోయినంక నీ చెయ్యి బాగుజేపిచ్చే బాధ్యత నాది. రెండో ఆపరేషన్ కరీంనగర్ల చేపిస్త. అప్పటిదాక నోరు ఇప్పకు."

రాజలక్ష్మి చెమటలు తుడుచుకుని, "జెర నీళ్లియ్యరాదు," అంది.

బాలవ్వ ముందుగా ఆ మాట తనతో కాదేమో అనుకుంది. ఆ ఇంటి మనుషులు ఆ వాడలో నీళ్లు తాగరు. ఎవరూ నోటితో అనరు, బోర్డు పెట్టరు, ఇప్పుడు ఆ రోజులు పోయాయనే అంటారు. అయినా తాగరు. మండుటెండలో వచ్చినా "ఇప్పుడే తాగచ్చిన" అంటారు. బాలవ్వ ఆ ఇంట్లో పెళ్లిళ్లకు ఎన్నిసార్లు గిన్నెలు తోమిందో, ఆ రాజలక్ష్మి కాన్పుకు ఎన్ని రాత్రులు కాపలా కూర్చుందో లెక్కలేదు. కానీ ఆమె తన ఇంట్లో నీళ్లడిగింది అదే మొదలు.

కుడిచేతికి కట్టు. ఎడమచేత్తో ఇవ్వడం తప్పు. ఇంట్లో ఇంకెవరూ లేరు. బాలవ్వ ఎడమచేత్తోనే స్టీలు గ్లాసు ముంచి ఇచ్చింది. రాజలక్ష్మి దాన్ని అందుకుని, ఎత్తి పోసుకోకుండా, అంచు పెదాలకు ఆనించి మొత్తం తాగింది. తాగి గ్లాసు మంచం మీద పెట్టి బాలవ్వ మోకాలి మీద చెయ్యి వేసింది.

అంతే. ఇంకేం కావాలి? బాలవ్వ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. తన ఇంటిని ఒక పెద్ద మనిషి ఇల్లుగా చూసిందనిపించింది. "పోరగాన్ని పొమ్మను పటేలమ్మా. నేనేమనుకుంట," అంది. దెబ్బ తిన్నది తానే అయినా ఆ క్షణంలో తనే ఏదో దానం చేస్తున్నట్టుగా ఉంది ఆమెకు. ఆ సంతోషం ఆమె జన్మలో ఎక్కువసార్లు వచ్చింది కాదు. దాన్ని ఎవరైనా తెలివితక్కువతనం అంటే అనుకోనీ, ఈ చెప్పేవాడికి మాత్రం అనబుద్ధి కాదు.

సంజీవ్ జూన్‌లో విమానం ఎక్కాడు. పోయిన వారానికి ఫోన్ చేసి, "బాలక్కా, పానం ఎట్లున్నది" అని అడిగాడు. తర్వాత చెయ్యలేదు. కట్టు విప్పినంక బాలవ్వ నాలుగైదుసార్లు రాజలక్ష్మి ఇంటికి పోయింది. పోయి ఆపరేషన్ సంగతి అడగలేదు. పోయి వాకిట్లో కూర్చుంటే ఆమే చూసి అడుగుతుందనుకుంది. రాజలక్ష్మి కూడా చూడగానే చెప్పేది. నాట్లు అయిపోనీ అంది. బతుకమ్మ పోనీ అంది. కోరుట్లలో మరదలి బిడ్డ పెళ్లి ఉంది, అది కానీ అంది. వానాకాలం వడ్లు కాంటా పెట్టనీ అంది. అడిగిన గడువునల్లా బాలవ్వ ఇచ్చుకుంటూ పోయింది. ఎందుకు ఆలస్యమవుతున్నదని ఒక్కసారి కూడా కారణం అడగలేదు.

ఇంటి దగ్గర బీడీలు సాగలేదు. ఎడమచేత్తో చుట్టబోతే ఆకు చిరిగేది. ఎట్లాగో చుట్టి కార్ఖానాకు పట్టుకుపోతే గుమస్తా వాటిని తీసి పక్కన పారేసేవాడు. ఉపాధి హామీ పనికి పోయింది. తవ్వలేదు కాబట్టి పనివాళ్లకు నీళ్లందించే పని ఇచ్చారు. సామేలు నడుము పట్టుకుని బస్తాలు మోస్తూ, "ఏరు దాటేదాక ఓడ మల్లన్న, ఏరు దాటినంక బోడ మల్లన్న. గదే గీళ్ల ముచ్చట," అని రోజూ సణిగేవాడు. బాలవ్వకు కోపం వచ్చేది, కానీ రాజలక్ష్మి మీద కాదు, సామేలు మీద.

"ఆమె అసోంటిది గాదు. నీకు తెల్వది," అనేది.

డిసెంబరులో దీపకు తన కంపెనీలో పక్క మిషను మీద కుట్టే అమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయి అన్నకు లారీ తగిలి కాలు విరిగితే కోర్టుకు పోయారు, ఇన్సూరెన్సు వాళ్లు కట్టారు. దీప వెంటనే ఫోన్ చేసింది.

"పైసలు పటేలోళ్లియ్యరే అవ్వా! బండికి ఇన్సూరెన్సుంటది, గా కంపెనోళ్లిస్తరు. నువ్వేమో వాళ్ల మీద పడ్తదని కూసున్నవ్."

కేసు పెట్టడమంటే రాజలక్ష్మి మీద పెట్టడమనే బాలవ్వ ఇంతకాలం అనుకుంది. ఊళ్లో అందరూ అట్లాగే అనుకున్నారు. ఆపరేషన్ అడగడమంటే నీళ్లు తాగిన మనిషి మెడ మీద కత్తి పెట్టడమే అనుకుంది. అసలు ఆ భారం రాజలక్ష్మిది కానే కాదని తెలిసేసరికి నవంబరు దాటిపోయింది.

అదీ కారణం. రాజేందర్ గదిలో చివరికి దీపే చెప్పింది. "పటేలమ్మ ఇంటికచ్చి నీళ్లు తాగిందట సారూ. గందుకే ఆగిందట మా అవ్వ."

రాజేందర్ నవ్వలేదు. ముఖం తుడుచుకున్నాడు. "నాకు సమజైంది బిడ్డా. నేను గొల్లపల్లి దిక్కోన్నే. కానీ గీ నీళ్ల ముచ్చట కోర్టుల నడువది. మంచం వట్టి లేవలేక పోయిందని రాస్త."

"మంచం పట్టలే గద సారూ," అంది బాలవ్వ మెల్లగా.

"పట్టినవనుకో అమ్మా. గడువు రావాల్నా వద్దా? గడువు రాకుంటే కేసు లోపలికే పోదు. నీ చెయ్యి గిట్లనే ఉంటది."

బాలవ్వ ఎడమచేత్తో సంతకం గీసింది. తర్వాత ఠాణాకు పోయి ఫిర్యాదు కూడా ఇచ్చారు. ఇన్ని నెలలు ఏం చేశారని అక్కడా అడిగారు.

ఇక వాయిదాలు. బాలవ్వ పొద్దున్నే బస్సెక్కి వచ్చి కోర్టు వరండాలో సిమెంటు దిమ్మె మీద కూర్చునేది. పేరు పిలిస్తే లోపలికి పోయి నిలబడేది. ఇన్సూరెన్సు వకీలు లేచి జవాబు వేయడానికి సమయం కావాలనేవాడు. ఇచ్చేవారు. ఇంకోసారి పైఆఫీసు నుంచి కాగితాలు రాలేదనేవాడు. ఇచ్చేవారు. ఎండలు పోయి వానలు వచ్చాయి. ట్రాక్టర్ రాజలక్ష్మి పేరు మీద ఉంది కాబట్టి నోటీసు అందుకుని ఆమె కూడా ఎల్లన్నతో కార్లో వచ్చేది. కేసు ఇన్సూరెన్సు మీదనే అని తెలిసినంక ఆమె ముఖంలో భయం తగ్గింది. దూరం నుంచి బాలవ్వను చూసి తలాడించేది. బాలవ్వ కూడా తలాడించేది. దగ్గరికి ఎవరూ రారు.

"గాళ్లకెందుకు సారూ అడగంగనే టైమిస్తుండ్రు?" అని బాలవ్వ ఒకసారి అడిగింది.

"గది వాయిదా అమ్మా. గిది గడువు. రెండు ఏరే," అన్నాడు రాజేందర్. బాలవ్వ తలూపింది. ఏమర్థమైందో ఆమెకే తెలియాలి.

దసరా దగ్గరికొచ్చినప్పుడు అసలు విచారణ పడింది. దీప సిరిసిల్ల నుంచి వచ్చింది. సామేలు తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. రాజలక్ష్మితో ఎల్లన్న వచ్చాడు, ఎల్లన్న అన్న వచ్చాడు, వాళ్ల కులపెద్దలు మరో ఇద్దరు వచ్చారు. అంతా వెనక బెంచీ మీద కూర్చున్నారు. జడ్జి మేడం ఆ రోజు అప్పటికే చాలా కేసులు చూసి ఉంది. కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంది.

ఇన్సూరెన్సు వకీలు లేచాడు. "మేడం, ఈమె మంచాన పడి కదల్లేకపోయానని ప్రమాణం చేసి రాసింది. అదే నెలల్లో ఉపాధి హామీ పనికి వెళ్లింది. కూలి కూడా తీసుకుంది."

జడ్జి బాలవ్వ వైపు చూసింది. "వెళ్లావా అమ్మా?"

"పోయిన మేడం. పండుకుంటె ఎవలు పెడ్తరు."

రాజేందర్ తల వంచుకున్నాడు.

"మరి పనికి పోగలిగినదానివి కోర్టుకెందుకు రాలేదు? అసలు కారణం చెప్పు. భయపడకు."

ఇన్ని నెలలు కోర్టు ముందర దాచిన మాట అది. ఇంక దాచే ఓపిక లేకపోయింది బాలవ్వకు. "పటేలమ్మ మా ఇంట్ల కూసోని నీళ్లు తాగింది మేడం," అంది. "వాళ్లెప్పుడు మా ఇండ్లల్ల తాగరు. తాగి, ఆగుమన్నది. ఆగిన."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి నవ్వలేదు. ఇన్సూరెన్సు వకీలుకు మాత్రం పండగైంది.

"చూశారా మేడం! మేం చెప్పేది ఇదే. బండి యజమాని, ఈమె, ఇద్దరూ ఒక్కటే. ఒకరింట్లో ఒకరు కూర్చుని, నీళ్లు తాగి, మాట్లాడుకుని, తీరుబడిగా కథ అల్లుకుని వచ్చారు. ప్రమాదం నిజమైతే అప్పుడే చెప్పేవాళ్లు."

తనకు జరిగిన ఒకే ఒక్క మర్యాదను పట్టుకుని ఈయన తనను దొంగను చేస్తున్నాడని బాలవ్వకు తెలిసింది. జడ్జి ఆలోచనలో పడింది. రాజలక్ష్మిని ముందుకు పిలిచింది.

"మీ ట్రాక్టర్ ఈమెకు తగిలిందా?"

"తాకింది మేడం. మా పోరడే ఎనకకు తీసిండు. అబద్ధమెందుకు చెప్త?"

ఆ మాటకు బాలవ్వ ప్రాణం కుదుటపడింది. మనిషి మంచిదేనని మళ్లీ అనుకుంది.

"కేసు పెట్టొద్దని అడిగారా?"

రాజలక్ష్మి వెనక బెంచీ దిక్కు ఒకసారి చూసింది. ఎల్లన్న అన్న మీసం మీద వేలు పెట్టుకుని ఈమెనే చూస్తున్నాడు. "అడిగిన మేడం. వాకిట్ల నిలవడి అడిగిన."

"వాళ్లింట్లో కూర్చుని నీళ్లు తాగారా?"

"అయ్యో, నేనెందుకు తాగుత మేడం!" అంది రాజలక్ష్మి చటుక్కున. "వాళ్లిండ్లల్ల మేం నీళ్లు ముట్టం."

అది కోర్టులో అనకూడని మాట అని రాజలక్ష్మికి తోచనే లేదు. వెనక ఉన్నవాళ్లు విన్నారా లేదా అన్నదే ఆమె చూసుకుంది. జడ్జి ఆమెను తేరిపార చూసి, "ఈ మాట ఇంకెక్కడా అనకండి. కేసవుతుంది," అంది. అని బాలవ్వ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పమ్మా. ఆమె తాగిందా, తాగలేదా?"

బాలవ్వ నోరు తెరిచింది. గ్లాసు అంచుకు ఆనిన పెదాలు ఆమెకు కనబడుతూనే ఉన్నాయి. రాజేందర్ పక్కకు వంగి వినబడీ వినబడనట్టు అన్నాడు. "తాగిందంటే ఇద్దరు ఒక్కటే అంటరు. కేసు పోతది. తాగలేదంటే గడువు అస్తది. నీ ఇష్టం అమ్మా."

ఆయన కళ్లలో సిగ్గు కనబడింది. దీప పిడికిళ్లు బిగించుకుని నిలబడింది. సామేలు ఏమీ అర్థంకాక బాలవ్వ చేతినే చూస్తున్నాడు, ముడుచుకున్న ఆ వేళ్లను. ఏడాదిన్నర నుంచి ఆ మనిషి ఇద్దరి పనీ తన నడుము మీదనే లాగుతున్నాడు.

"తాగలే మేడం," అంది బాలవ్వ.

రాజేందర్ లేచాడు. ఇప్పుడు ఆయన గొంతుకు ఎక్కడ లేని బలం వచ్చింది. "మేడం, ఇంట్లో నీళ్లు కూడా ముట్టనివాళ్లు కలిసి కూర్చుని కథలల్లుతారా? పెద్దింటివాళ్లు వాకిట్లోకి వచ్చి నోరు విప్పొద్దంటే, వాళ్ల పొలాల్లో కూలి చేసుకుని బతికే మనిషి భయపడి ఆగింది. మంచం పట్టిందని రాసిన తప్పు నాది. ఆలస్యానికి అసలు కారణం భయం."

జడ్జి రాసుకుంది. బాధితురాలు భయం వల్ల సమయానికి రాలేకపోయిందని, ఆలస్యాన్ని మన్నించి కేసును తీసుకుంటున్నామని చెప్పింది. ఇన్సూరెన్సు వకీలు ఏదో గొణిగి, జవాబుకు సమయం కావాలన్నాడు. ఇచ్చారు.

బయటికొచ్చాక సామేలు ఆనందం పట్టలేక వకీలుకు రెండు చేతులా దండం పెట్టాడు. కేసు లోపలికి పోయింది. ఇంక సాక్ష్యాలని, డాక్టరని ఎన్నాళ్లు పడుతుందో గానీ, తలుపైతే తెరుచుకుంది. కారు దగ్గర రాజలక్ష్మి మగవాళ్లు ఎక్కేదాకా ఆగి, వెనక్కి రెండడుగులు వచ్చి, బాలవ్వకు మాత్రమే వినబడేట్టు, "అందరి ముంగట నా ఇజ్జత్ కాపాడినవ్ బాలవ్వా. ఏమనుకోకు," అంది.

బాలవ్వ ఆమె దిక్కు చూసింది. ఎప్పటిలాగా అనాల్సిన మాట ఆమె నోటికి రాలేదు. రాజలక్ష్మి పోయి కారెక్కింది.

బస్టాండుకు నడుస్తుంటే దీప ఇక ఆపుకోలేకపోయింది. "ఎందుకన్నవే అవ్వా గట్ల? తాగిందని నువ్వే నాకు చెప్తివి గద. భయమని రాసుకున్నరు. నువ్వు భయపడ్డవా?"

"ఎన్నడు భయపడ్డ బిడ్డా? ఆమెకేం భయపడుత."

"మరి తాగిందా లేదా, నాకన్న చెప్పు."

"తాగింది," అంది బాలవ్వ. ఒక దుకాణం అరుగు మీద కూర్చుంది. "మొత్తం తాగింది. నేనే ముంచిచ్చిన. కానీ ఆమె తాగలేదన్నది, నేను తాగలేదన్న, జడ్జమ్మ రాసుకున్నది. ఇగ తాగనట్టే."